సెరెంగెటీలో జంతువుకు చోటు - పశుకాపరికి బేదఖలు

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశం. అరూషా పట్టణం నుంచి పడమటికి పోయే రోడ్డు మీద యాత్రికుల జీపులు బారులు తీరి ఉంటాయి. ఎన్‌గొరొంగొరో కొండలు దాటి దిగితే కనుచూపుమేర పచ్చిక బయలు. అదే సెరెంగెటీ జాతీయ పార్కు, 14 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల. సింహాలు, ఏనుగులు, జీబ్రాలు ఉన్నాయి. వైల్డ్‌బీస్ట్ అనే అడవి పశువులు పది లక్షలకు పైగా వాననూ గడ్డినీ వెతుక్కుంటూ ఏటా కెన్యా దాకా పోయి తిరిగొస్తాయి. చూడదగ్గ దృశ్యమే, కాదనం.

మరి ఈ బయలు ఎవరిది? పేరులోనే ఉంది జవాబు. సెరెంగెటీ అన్నది మసాయీల భాష నుంచి వచ్చిన మాట. అంతులేని మైదానమని అర్థం. మసాయీలు ఆవులూ మేకలూ గొర్రెలూ మేపుకు బతికే జనం. వాళ్ళ మందలూ అడవి మందలూ తరతరాలుగా ఒకే గడ్డి మేశాయి.

బ్రిటిష్ వలస ప్రభుత్వం 1951లో ఇక్కడ పార్కు పెట్టింది. 1959లో మసాయీలను అందులోంచి ఖాళీ చేయించి, పక్కనున్న ఎన్‌గొరొంగొరోకు పంపింది. అక్కడ మీరూ మీ పశువులూ ఉండొచ్చని మాట ఇచ్చింది. 1961లో తెల్లదొరల పాలన పోయింది. ఇచ్చిన మాటా నిలవలేదు. 1970ల్లో అక్కడి అగ్నిపర్వత బిలంలో కాపురాలు లేకుండా చేశారు. 1975లో సేద్యం నిషేధించారు. 1992లో సడలించి, 2009లో మళ్ళీ బిగించారు.

పశువులుంటే అడవి జంతువు బతకదట! లెక్కలు చూడండి. 1890ల్లో రిండర్‌పెస్ట్ రోగం ఆవులనూ వైల్డ్‌బీస్టులనూ కలిపి ఊడ్చేసింది. తర్వాత చుట్టుపక్కల పశువులకు టీకాలు వేశారు. 1961లో రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్టులు 1977కల్లా 13 లక్షలయ్యాయి. కాపరి ఆవుకు వేసిన సూది అడవి మందను కాపాడింది!

2022 జూన్‌లో లొలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేతభూమికి హద్దురాళ్ళు పాతడానికి పోలీసులు దిగారు. జనం అడ్డం నిలిచారు. కాల్పుల్లో మసాయీలు గాయపడ్డారు. ఘర్షణలో ఒక పోలీసు చనిపోయాడు. ఆ ఏడే ఎన్‌గొరొంగొరో కుటుంబాలను వందల కిలోమీటర్ల దూరంలోని మ్సొమేరాకు తరలించడం మొదలైంది. ఇష్టపడే పోతున్నారని సర్కారు అంటుంది. బడులకూ ఆస్పత్రులకూ నిధులాపి పొమ్మనకుండా పొగబెడుతున్నారని మసాయీలు అంటారు. 2024 ఆగస్టులో వేలాదిమంది యాత్రికుల రోడ్డు మీదికే వచ్చి నిలబడ్డారు.

సింహం బతకాలి, ఏనుగు బతకాలి. అందులో తగాదా లేదు. కానీ డాలర్లు కట్టినవాడికి గేటు తెరుచుకుంటుంది, ఆ గడ్డి మీద పుట్టిన జాతి మందను తోలితే నేరమవుతుంది. ఇదెక్కడి సంరక్షణ?