రెప్ప మీద మళ్లీ లేచిన గడ్డ

బల్కంపేట, అమీర్‌పేటల్లో ఎవరికైనా కంటిరెప్ప మీద గడ్డ లేస్తే ముందు మందుల షాపుకెళ్లి చుక్కలు తెచ్చుకుంటారు, వేడి కాపడం పెట్టుకుంటారు. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. కానీ నడివయసు దాటినవారికి అదే చోట మళ్లీ లేచిందంటే దాన్ని కురుపనుకుని వదిలేయకూడదు, ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. ఇందుకు ఆధారం పంజాగుట్ట పక్కనే, బంజారాహిల్స్‌లోనే ఉంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు రెప్ప క్యాన్సర్ వచ్చిన 536 మంది వివరాలను 2019లో ప్రచురించారు. వాటిలో 53 శాతం రెప్పలోని తైలగ్రంథుల్లో పుట్టినవే. పాశ్చాత్య దేశాల్లో అత్యధికంగా కనిపించే బేసల్ సెల్ క్యాన్సర్ ఇక్కడ 24 శాతమే. అక్కడి పుస్తకాలు అరుదన్నది మన రెప్పల విషయంలో మొదట అనుమానించాల్సిన రకమన్నమాట.

రెప్ప అంచుల్లో వరసగా ఉండే ఈ గ్రంథులు కన్నీరు త్వరగా ఆరిపోకుండా నూనెను వదులుతాయి. ఆ దారి మూసుకుంటే నొప్పిలేని గడ్డ కడుతుంది, ప్రమాదం లేనిది. అక్కడ క్యాన్సర్ పుట్టినా మొదట్లో అచ్చం అలాగే ఉంటుంది. ఒక్కోసారి గడ్డే కనిపించదు. ఒక కన్ను మాత్రం నెలల తరబడి ఎర్రబడి, కండ్లకలకలా ఏమారుస్తుంది. ఈలోగా కణాలు కనుగుడ్డు మీది పలుచని పొరలోకి, చెవి ముందున్న, మెడలోని లింఫ్ గ్రంథుల్లోకి పాకవచ్చు. ముందే పట్టుకుంటే గడ్డను చుట్టూ కాస్త మేర కలిపి తీసేసి, రెప్పను మళ్లీ కట్టగలరు. కంటిగుంటలోకి దిగాక కన్నునే తీసేయాల్సి రావచ్చు.

పెద్దాసుపత్రికి కష్టమైన కేసులే చేరతాయి కాబట్టి ఆ అంకెలను ఊరంతటికీ వర్తింపజేయలేమని అనవచ్చు. న్యాయమైన మాటే. పైగా మన చర్మపు రంగు బేసల్ సెల్ రకాన్ని కొంత అడ్డుకోవడం వల్ల కూడా తైలగ్రంథుల క్యాన్సర్ వాటా పెరిగి కనిపిస్తుంది. అయినా దేశంలోని ఇతర ఆసుపత్రుల లెక్కల్లోనూ దీని వాటా పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువే. ప్రతి కురుపుకీ పరీక్షంటే ఖర్చు, భయం అన్నది మరో అభ్యంతరం. ప్రతిదానికీ అక్కర్లేదు. మళ్లీ వచ్చినదానికి, వెంట్రుకలు రాలిన చోటికి, పుండుపడిన అంచుకి, మందులకు లొంగని ఒంటికన్ను ఎరుపుకి చాలు. అసలు గడ్డను కోసి శుభ్రం చేసే రోజే ముక్క చేతికొస్తుంది. దాన్ని పారేయకుండా ల్యాబుకు పంపమని డాక్టరును అడగవచ్చు, రిపోర్టు తీసుకుని దాచుకోవచ్చు.