వేసవిలో పాలు విరుగకుండ ఐసును వాడు విధము

చిత్తూరు జిల్లాలో పాడి రైతు కుటుంబమునకు ముఖ్యమైన ఆదాయము. కాణిపాకము చుట్టుపట్ల పల్లెలలో రెండు పూటల పితికిన పాలు క్యానులలో పాలకేంద్రమునకు చేరును. అక్కడ బల్క్ కూలరు ఉన్నచో పాలు 4 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగును. కాని కేంద్రము దూరమైనప్పుడు, లేక కరెంటు లేనప్పుడు, వేసవి పాలు పులిసి విరుగును. తిప్పిపంపిన పాలకు ధర రాదు. ఆ పూట దాణా ఖర్చు, పడిన శ్రమ నష్టమే.

పితికినపుడు పాలు ఆవు ఒంటి వేడితో, అనగా సుమారు 38 డిగ్రీలతో ఉండును. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపు కాగలవు. ఆ లెక్కన ఒక్కటి నాలుగు గంటలలో 256 అగును. పాలను 10 డిగ్రీలకు దించినచో వీని పెరుగుదల చాల మందగించును. కూలరు అందుబాటులో లేనివారికి ఇందుకు ఐసు మంచి సాధనము. దానిని పొదుపుగా వాడవలెనన్న, వేడికిని ఉష్ణోగ్రతకును గల భేదమును ముందు గ్రహింపవలెను.

వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు

చెంబెడు మరుగునీళ్ళు, గంగాళమెడు వెచ్చని నీళ్ళు ఉన్నవనుకొనుడు. ఉష్ణోగ్రత చెంబులోని నీటికే ఎక్కువ. కాని చన్నీళ్ళ తొట్టిలో పోసినచో ఎక్కువ వెచ్చదనమిచ్చునది గంగాళములోని నీరే. అందులోని వేడి మొత్తము ఎక్కువ. ఉష్ణోగ్రత థర్మామీటరు చూపునది. వేడి ఒక శక్తి. దీనిని కిలోకేలరీలలో కొలుతురు. 1 కిలో నీటిని 1 డిగ్రీ వేడిచేయుటకు 1 కిలోకేలరీ పట్టును.

ఐసు కరుగునపుడు జరుగునదేమి?

0 డిగ్రీల ఐసుకు వేడి తగిలినపుడు అది కరుగును గాని దాని ఉష్ణోగ్రత పెరుగదు. గడ్డకట్టిన అణువుల పట్టు సడలించుటకే ఆ వేడి ఖర్చగును. 1 కిలో ఐసు 0 డిగ్రీల నీరగుటకు 80 కిలోకేలరీలు కావలెను. అదే వేడితో ఆ నీటిని 80 డిగ్రీల వరకు కాచవచ్చును! థర్మామీటరుకు చిక్కని ఈ వేడిని గుప్తోష్ణము అందురు. 1760 తరువాతి తొలి సంవత్సరములలో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ దీనిని నిరూపించెను.

ఐసు బలము దాని కరుగుటలోనే గలదు. సున్నకు 10 డిగ్రీలు దిగువన ఉన్న ఐసు 0 డిగ్రీలకు వచ్చులోపల తీసికొను వేడి కిలోకు 5 కిలోకేలరీలు మాత్రమే.

ఎంత ఐసు కావలెను?

10 లీటర్ల పాలను 35 నుండి 10 డిగ్రీలకు దించుటకు సుమారు 240 కిలోకేలరీల వేడి తీసివేయవలెను. 1 కిలో ఐసు కరుగుటలో 80, కరిగిన నీరు 10 డిగ్రీలకు వచ్చులోపల మరి 10, వెరసి 90 కిలోకేలరీలు తీసికొనును. కనుక సుమారు 2.7 కిలోలు చాలును. తొట్టి, గాలి, తొట్టిలో పోయు నీరు కూడ వేడినిచ్చును గనుక 4 కిలోలు ఉంచుకొనవలెను. ఐసు లేక 0 డిగ్రీల నీటితోనే ఈ పని చేయదలచినచో 24 కిలోల నీరు కావలసియుండును.

వాడు పద్ధతి

1. ముందుగా క్యానును అప్పుడే తోడిన బావినీటిలో ఉంచవలెను. పాలు 35 నుండి 30 డిగ్రీలకు దిగినను ఐసులో అయిదవవంతు మిగులును.

2. తరువాత తొట్టిలోని ఆ నీటిని తీసివేసి, క్యాను చుట్టు చితుకగొట్టిన ఐసు వేసి, సందులు నిండునట్లు కొద్దిగా చన్నీరు పోయవలెను. గాలికంటె నీరు వేడిని త్వరగా లాగును. పాల మట్టము వరకు ఐసునీరు ఉండవలెను.

3. పాలను శుభ్రమైన గరిటెతో అప్పుడప్పుడు కలుపవలెను. లేనిచో అంచు పాలు చల్లబడి నడుమ పాలు వెచ్చగా నిలుచును.

4. తొట్టి నీటిని కూడ కలియబెట్టుచు, ఐసు ముక్కలున్నవా అని చూడవలెను. ముక్కలున్నంతవరకు ఆ నీరు 0 డిగ్రీల చేరువనే ఉండును. అవి కరిగిపోయినచో చల్లదనము తగ్గనారంభించునని తెలియవలెను.

5. ఐసును పాలలో వేయరాదు. 10 లీటర్ల పాలలో 1 కిలో ఐసు కరిగినచో, 8.5 శాతమున్న వెన్నేతర ఘనపదార్థము సుమారు 7.7 శాతమునకు పడిపోవును, ధర తగ్గును. ఐసులోని మురికి నీరు సూక్ష్మజీవులను కూడ తెచ్చును.

ఐసును నిలువచేయుట

తిరునాళ్ళలో షర్బతు అంగళ్ళవారు ఐసు గడ్డను గోనెలో చుట్టి ఊకలో పెట్టుట మనమెరుగుదుము. ఊక, రంపపు పొట్టు బయటి వేడిని లోనికి పోనీయవు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుండి ఓడలో కలకత్తాకు పంపిన సుమారు 180 టన్నుల ఐసులో, నాలుగు మాసముల ప్రయాణము తరువాత గూడ సుమారు 100 టన్నులు మిగిలెను. అట్లు వచ్చిన ఐసు కొరకే మద్రాసు తీరమున కట్టిన ఐస్ హౌస్ నేడు వివేకానందర్ ఇల్లముగా నిలిచియున్నది. గడ్డ పెద్దదైనకొలది నిదానముగా కరుగును; కనుక వాడుకొను వేళకే చితుకగొట్టవలెను. ఊక పొడిగా ఉండవలెను.

ఐసు వెలను, చెడిపోవు పాల వెలను సరిచూచుకొని, అవసరమైన పూటలకే వాడుట మేలు. ఐసు పాలను చల్లబరచును గాని శుద్ధి చేయదు. పొదుగు కడుగుట, పాత్రలు కాచిన నీటితో తోముట మానరాదు. శుభ్రముగా పితికి వెంటనే చల్లార్చిన పాలే రైతుకు పూర్తి ధర తెచ్చును.