నలభై దాటితే దగ్గరి చూపు ఎందుకు తగ్గుతుంది?

చార్మినార్ చెంతనున్న లాడ్ బజార్‌లో లక్క గాజులపై చిన్న చిన్న రాళ్లు పొదిగే పనివారిలో చాలామందికి 40 ఏళ్లు దాటాక గాజును కాస్త దూరంగా పట్టుకుంటే తప్ప రాయి స్పష్టంగా కనిపించదు. దీనినే చత్వారం అంటారు.

దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటిలోని కటకం చుట్టూ ఉండే సిలియరీ కండరం సంకోచించి, కటకాన్ని పట్టి ఉంచే సన్నని తంతువులు వదులై, కటకం ఉబ్బి, ప్రతిబింబాన్ని కంటి వెనుక తెరవంటి రెటీనాపై నిలుపుతుంది. వయసుతో కటకం గట్టిపడి తగినంత ఉబ్బలేకపోవడం వల్ల ఆ ప్రతిబింబం మసకబారుతుంది.

కంటి పరీక్షలో సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో అక్షరాల పట్టికను చదివించి, కుంభాకార కటకాలను మార్చి చూసి, సరిపడే అద్దాలు సూచిస్తారు. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన ‘కంటి వెలుగు’ అనే కంటి పరీక్షా శిబిరాల్లో ఇలాంటి అద్దాలను ఉచితంగా ఇచ్చారు. చత్వారం వయసుతో వచ్చే సహజమైన మార్పే అయినా, గ్లాకోమా వంటి కంటి జబ్బులు తొలిదశలో బయటపడాలంటే ఇంటి పెద్దలకు కంటి పరీక్ష తప్పనిసరి.