పనివాళ్ల మనసు పనిలో నిలవాలంటే

పట్టుపురుగు గుడ్డులోంచి బయటపడింది మొదలు గూడు అల్లడం మొదలుపెట్టేదాకా సుమారు 25 రోజులు పడుతుంది. నాలుగు జ్వరాలు, అంటే పొర విడిచే దశలు దాటి ఐదో దశకు చేరిన తర్వాత దాని ఆకలి ఒక్కసారిగా పెరుగుతుంది. జీవితకాలంలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఆ చివరి దశలోనే తింటుంది. అమరాపురం, మడకశిర పల్లెల్లో పట్టు షెడ్లు నడిపే రైతులకు ఆ దశ ఎంత కీలకమో తెలుసు. ఆకు కోసేవాళ్లు, మేత వేసేవాళ్లు ఒక్క పూట అశ్రద్ధ చేస్తే గూడు పలచబడుతుంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో ఆ తేడా ధరలో బయటపడుతుంది.

ధర్మవరం మగ్గం గుంతలో కూర్చున్న నేత కార్మికుడిదీ ఇలాంటి పనే. పడుగులో ఒక పోగు తెగితే ఆగి అతకాలి. చూసీ చూడనట్టు నేసుకుంటూ పోతే ఆ లోపం చీర మడతల్లో దాగి, కొట్టులో దీపం కింద కనిపిస్తుంది. రెండు చోట్లా యజమాని పగలంతా పక్కనే నిలబడి చూడలేడు. పని నాణ్యత పనివాడి శ్రద్ధ మీదే ఆధారపడుతుంది. ఆ శ్రద్ధ ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎందుకు తగ్గుతుంది అన్న ప్రశ్న మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు యాభై ఏళ్లకు పైగా ప్రయోగాలు చేస్తున్నారు. వాటిలో కొన్ని మన దేశంలోనే, మన చిన్న పరిశ్రమల్లాంటి చోట్లే జరిగాయి.

డబ్బు ఎంతదాకా పనిచేస్తుంది?

1971లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసి కొందరు విద్యార్థులకు చెక్కముక్కలు పేర్చే సోమా అనే పజిల్ ఇచ్చాడు. వాళ్లలో కొందరికి మాత్రం ఒక దశలో, పజిల్ పూర్తి చేసినప్పుడల్లా ఒక డాలరు చొప్పున ఇచ్చి, తర్వాత ఆపేశాడు. డబ్బు ఆగాక వాళ్లు తీరిక వేళల్లో ఆ పజిల్‌ను పట్టుకోవడం తగ్గించేశారు. అంతకుముందు సరదాగా చేసిన పనే డబ్బు కోసం చేసే పనిగా మారిపోయింది. ఆ తర్వాత డెసి, మరో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ రయాన్ కలిసి ఒక సిద్ధాంతాన్ని అభివృద్ధి చేశారు. దాని ప్రకారం మనిషి మనసుపెట్టి పనిచేయడానికి మూడు కావాలి: తన పనిలో తనకు కొంత స్వేచ్ఛ, నేర్పు పెరుగుతోందన్న నమ్మకం, తోటివాళ్లతో అనుబంధం.

దీన్ని చూసి కూలి తక్కువిచ్చినా ఫర్వాలేదనుకోవడం అన్యాయం. డెసి విద్యార్థులకు ఆ డాలరు లేకపోయినా పూట గడుస్తుంది. నేత కార్మికుడికి కూలే జీవనం. న్యాయమైన కూలి మొదట ఉండాలి, మిగతావన్నీ దాని మీదే నిలుస్తాయి.

కూలి ఎప్పుడు అందుతోంది?

ఒడిశాలో విస్తరాకులు కుట్టే కార్మికుల మీద సుప్రీత్ కౌర్, సెంథిల్ ముల్లైనాథన్, సుయాన్నా ఓ, ఫ్రాంక్ షిల్బాక్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. అందరికీ రావలసిన మొత్తం ఒక్కటే. కాకపోతే కొందరికి అందులో కొంత భాగం ముందుగా చేతికిచ్చారు. డబ్బు అందిన తర్వాత వాళ్ల ఉత్పత్తి సగటున ఆరేడు శాతం పెరిగింది. ఎక్కువ ఇబ్బందుల్లో ఉన్నవాళ్లలో పెరుగుదల ఇంకా ఎక్కువ. తప్పులూ తగ్గాయి. అప్పులవాళ్లకు ఏం చెప్పాలి, ఇంట్లోకి బియ్యం ఎలా తేవాలి అన్న ఆలోచన పక్కకు తప్పుకోవడంతో ధ్యాస పని మీదికి వచ్చిందని పరిశోధకులు తేల్చారు.

మగ్గం పనికి ఈ ఫలితం సూటిగా వర్తిస్తుంది. చీర దిగాకే కూలి అనే పద్ధతిలో, రోజుల తరబడి నేసే పట్టుచీర పూర్తయ్యేదాకా ఇంటి ఖర్చులు ఆగవు. సగం చీర నేసేసరికి కొంత కూలి చేతికిస్తే యజమానికి అదనంగా పైసా ఖర్చు లేదు.

పక్కవాడికెంత?

ఒడిశాలోనే ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, యోగిత శామ్‌దాసాని అనే ఆర్థికవేత్తలు 378 మంది కార్మికులతో చేసిన ప్రయోగం 2018లో వెలువడింది. ముగ్గురేసి కార్మికులున్న జట్లలో కొన్నింటికి సమానంగా, కొన్నింటికి స్వల్ప తేడాలతో కూలి ఇచ్చారు. పక్కవాళ్ల కన్నా తక్కువ అందుకున్నవాళ్ల ఉత్పత్తి పడిపోయింది, హాజరు 18 శాతం పాయింట్లు తగ్గింది. రోజు కూలిని వదులుకుని మరీ వాళ్లు పనికి రావడం మానుకున్నారు. అయితే ఎవరు ఎంత పని చేస్తున్నారో అందరి కళ్లకూ తేటగా కనిపించే చోట మాత్రం ఈ చెడు ప్రభావం లేదు.

అంటే తేడా ఉండకూడదని ఎవరూ అనడం లేదు. తేడాకు కారణం అందరికీ తెలియాలి. పెద్ద అంచు, ఒళ్లంతా జరీ బుటాలున్న చీరకు ఎక్కువ కూలి ఇస్తే మరో మగ్గం మీదున్నవాడు నొచ్చుకోడు. ఏ డిజైనుకు ఎంత అన్నది గోడ మీద రాసిపెడితే చాలు. చాటుగా ఒకరికి కొంచెం ఎక్కువ ముట్టజెబితే ఆ మాట దాగదు. తక్కువ తీసుకున్నవాడి చెయ్యి మందగిస్తుంది.

మాట వినే యజమాని

కర్ణాటక గార్మెంట్ కర్మాగారాల్లో అచ్యుత అధ్వర్యు, తెరెసా మొలీనా, అనంత్ నిష్ధం అనే ఆర్థికవేత్తలు ఇంకో విషయం పరీక్షించారు. జీతాల పెంపు కార్మికులు ఆశించినంత రాలేదు. నిరాశలో ఉన్న ఆ సమయంలో కొందరిని పలకరించి జీతం, పని పరిస్థితులు, సూపర్‌వైజర్ల తీరు మీద వాళ్ల అభిప్రాయం అడిగారు. జీతం పైసా పెరగలేదు. అయినా అలా అడిగించుకున్నవాళ్లలో ఉద్యోగం మానేసేవాళ్లు ఐదో వంతు దాకా తగ్గారు.

పది మంది పనిచేసే చోట యజమానికి అందరి పేర్లూ, ఇంటి సంగతులూ తెలుసు. వేల మంది ఉన్న కర్మాగారానికి లేని వసతి ఇది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. బెంగళూరు కూడా దగ్గరే. జీతంలోనూ సౌకర్యాల్లోనూ అక్కడి పెద్ద కంపెనీలతో పోటీపడటం చిన్న యజమానికి కష్టం. మనిషిని మనిషిగా ఎరగడంలో మాత్రం అతనే ముందుండగలడు.

కట్టిపడేయడం వేరు

మన ప్రాంతంలో పనివాణ్ణి నిలుపుకోవడానికి పాత పద్ధతి అడ్వాన్సు. బాకీ తీరేదాకా మనిషి మరో మగ్గానికి వెళ్లలేడు. దానితో మనిషి ఉంటాడు, మనసు ఉండదు. డెసి, రయాన్ చెప్పిన మూడింటిలో మొదటిదైన స్వేచ్ఛనే ఈ పద్ధతి దెబ్బతీస్తుంది. కష్టకాలంలో ఇచ్చిన అప్పు మంచిదే. దాన్ని సంకెలగా వాడితేనే చెడుపు.

పని ఆగిపోవడం మరో సమస్య. పడుగు సిద్ధంగా లేక, జరీ రాక, డిజైను అట్టలు అందక మగ్గం ఖాళీగా ఉంటే ఆ నష్టం ముక్కకూలి మీద బతికే కార్మికుడిదే. హార్వర్డ్ పరిశోధకురాలు తెరెసా అమబిలే, స్టీవెన్ క్రామర్‌తో కలిసి 238 మంది ఉద్యోగులు రాసిన సుమారు 12 వేల దినచర్యలు పరిశీలించింది. తమకు అర్థవంతమనిపించిన పని ఈ రోజు కొంత ముందుకు సాగిందన్న తృప్తి, అన్నింటికన్నా ఎక్కువ ఉత్సాహం ఇస్తుందని 2011లో ప్రకటించింది. సరుకు వేళకు అందించడం కూడా పనివాణ్ణి గౌరవించడమే.

షెడ్డు, మగ్గం, కొట్టు, మెకానిక్ షాపు ఏది నడిపేవారైనా ఈ నెల నుంచే నాలుగు పనులు మొదలుపెట్టండి. కూలిలో కొంత భాగం పని మధ్యలోనే ఇవ్వండి. ఏ పనికి ఎంతో అందరికీ తెలిసేలా రాసిపెట్టండి. సరుకు లేక పనివాడు ఖాళీగా కూర్చునే పరిస్థితి రానివ్వకండి. వారానికొకసారి కూర్చుని, పనిలో ఏం మార్చాలో వాళ్లనే అడగండి, విన్నదాంట్లో ఒక్కటైనా చేసి చూపించండి. వీటికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పనిచేసే మనిషి మీద గౌరవం ఉంటే చాలు.