జనరేటరు పొగగొట్టపు రొద – దానిని తగ్గించు మార్గములు

హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లలకు ఇంట తెలుగు వినబడినను, వీధిలో తమిళము, కన్నడము వినవచ్చును. గ్రంథస్థమైన తెలుగు మాటలను సరియైన ఉచ్చారణముతో వినుటకు వారికి తరగతిగదియే తావు. కొన్ని యేండ్ల క్రిందట నా తరగతిలో ఉక్తలేఖనము వ్రాయించునపుడు పిల్లలు ‘ఖండము’ను ‘కండము’గను, ‘ఫలము’ను ‘పలము’గను, ‘ధనము’ను ‘దనము’గను వ్రాయుచుండిరి. తమిళ లిపిలో ఈ భేదములకు వేర్వేరు అక్షరములు లేవు గావున, అది పొరుగుభాషా ప్రభావమని తలంచితిని. కాని కరెంటు ఉన్న దినములందు ఆ తప్పులు తగ్గుచుండుట గమనించిన పిమ్మట, వేరొక కారణము కూడ కలదని తోచినది. పొరుగుననున్న కల్యాణమండపపు డీజిలు జనరేటరు పొగగొట్టము మా కిటికీలవైపునకే తెరచుకొనియుండెను. ఆ రొద పుట్టు విధమును, దానిని తగ్గించు మార్గములను ఈ వ్యాసమున వివరింతును.

ఇంజనులో ఇంధనము మండిన పిదప, కవాటము తెరచుకొనగానే అధిక పీడనముతోనున్న వేడి వాయువు ఒక్కుమ్మడిగ గొట్టములోనికి దూకును. ప్రతి దూకుడును ఒక చిన్న ప్రేలుడు వంటిది. నిమిషమునకు 1500 మార్లు తిరుగు మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఇట్టివి సెకనుకు 37 లేక 38 జరుగును. ఈ మూలస్వరము మిక్కిలి మంద్రము. దానికి రెట్టింపు, మూడింతలు మొదలగు పౌనఃపున్యముల స్వరములును కూడి రొద యగును. మంద్రధ్వని గోడలను, కిటికీ రెక్కలను సులభముగ దాటివచ్చును. అంతేకాక, అది బిగ్గరగా నున్నపుడు తనకంటె హెచ్చుస్థాయిలోని సన్నని ధ్వనులను చెవికి సోకనీయక కప్పివేయును. మాటలో అచ్చులకు బలమెక్కువ, హల్లులకు తక్కువ. క, ఖ ల భేదమంతయు ఒక చిన్న ఊపిరిలో నున్నది. రొద మొదట మ్రింగునది ఆ ఊపిరినే.

ఈ రొదను అణచుటకు గొట్టమునకు అమర్చు సాధనమే సైలెన్సరు. అమెరికాలో రీవ్స్ సోదరులు ఇంజను పొగగొట్టపు సైలెన్సరునకు 1897 లో పేటెంటు పొందిరి. సైలెన్సర్లు ముఖ్యముగ రెండు విధములు. మొదటిదానిలో సన్నని గొట్టము అకస్మాత్తుగ వెడల్పైన గదిలోనికి తెరచుకొనును. అచ్చట ధ్వనితరంగములో కొంత వెనుకకు మరలి, వచ్చు తరంగమును కొంతమేర రూపుమాపును. మంద్రధ్వనికి ఇదియే తగినది. రెండవదానిలో చిల్లులు పెట్టిన గొట్టముచుట్టు గాజునూలు వంటి పదార్థమును కూర్తురు. అది హెచ్చుస్థాయి ధ్వనులను పీల్చుకొనును గాని, మంద్రధ్వనిపై దాని ప్రభావము స్వల్పము. కావున రెండును కలసినదే మేలు.

సైలెన్సరు పరిమాణమును గూర్చి ఒక లెక్క చెప్పుదును. గొట్టముకంటె మూడు రెట్లు వ్యాసముగల గది, తరంగదైర్ఘ్యములో నాలుగవవంతు నిడివి యున్నచో, సుమారు 13 డెసిబెలుల ధ్వనిని ఆపగలదు. వేడి వాయువులో మన మూలస్వరపు తరంగదైర్ఘ్యము దాదాపు 14 మీటర్లు. అందు నాలుగవవంతు మూడున్నర మీటర్లు. అంత పొడవు గది కుదురదు గనుకనే పెద్ద సైలెన్సర్లలో పలు గదులను అమర్చుదురు. చిన్న డబ్బా తగిలించి ఫలితము నాశించుట వ్యర్థము. అట్లని గొట్టమును ఇరుకు చేయరాదు. వాయువు వెలికిపోవుటకు ఆటంకమైనచో ఇంజను వేడెక్కును, ఇంధనము హెచ్చుగ ఖర్చగును.

రొదకు మూలము పొగగొట్టమొక్కటే కాదు. ఇంజను మ్రోతయు గొట్టపు మ్రోతయు సమానముగ నున్నచో, గొట్టపు మ్రోతను పూర్తిగ మాపినను మొత్తముమీద 3 డెసిబెలులే తగ్గును. రొద సగమైనట్లు చెవికి తోచవలెనన్న సుమారు 10 తగ్గవలయును. అందుచే ఇంజనును ధ్వనినిరోధక పెట్టెలో నుంచి, గాలి వచ్చిపోవు మార్గము లమర్చవలెను. ఇంజనునకు, గొట్టమునకు నడుమ వంగుటకు వీలైన ముడుతల ఉక్కుగొట్టము నుంచినచో అదురు గోడలకు ప్రాకదు. మన దేశపు నిబంధనల ననుసరించి, 2005 జనవరి 1 నుండి తయారైన 1000 కె.వి.ఏ. లోపు డీజిలు జనరేటర్ల రొద పెట్టెకు 1 మీటరు దూరమున 75 డెసిబెలులు మించరాదు. ఈ నియమము వర్తింపని వాటి సైలెన్సరు కనీసము 25 డెసిబెలులు తగ్గింపవలెను.

గొట్టపు నోటి దిశయు, ఎత్తును ముఖ్యములు. జనరేటరు కె.వి.ఏ. అంకె వర్గమూలమును 0.2 తో గుణించి, వచ్చిన మీటర్లను కట్టడపు ఎత్తునకు కలుపవలెనని నియమము. 25 కె.వి.ఏ. యంత్రమునకు గొట్టము కట్టడముకంటె 1 మీటరు ఎత్తుండవలెను. అమెరికాలో గృహవాహనములపై తిరుగువారును బస చేసినచోట జనరేటరునకు నిలువుగొట్టము తగిలించి, వాయువును వాహనపు కప్పునకు పైగా వదలుదురు. ఇది కేవలము రొదకొరకు కాదు. ఆ వాయువులోని కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు, అది ప్రాణాంతకము. రొద వినబడకుండుటకై జనరేటరును గదిలోపల నుంచి తలుపులు మూయుట కంటె అపాయకరమైన పని వేరొకటి లేదు.

మండపము పెద్దలకు మేము ఈ విషయము విన్నవింపగా, వారు మేస్త్రీని పిలిపించి సైలెన్సరును విప్పించిరి. లోపలి అడ్డురేకులు తుప్పుపట్టి రాలిపోయియుండెను. క్రొత్తది బిగించి, గొట్టమును మా కిటికీలనుండి మరలించి కప్పునకు పైగా ఎత్తించిరి. రొద పూర్తిగ పోలేదు గాని, దూరపు హోరుగా మాత్రము మిగిలినది. ఉక్తలేఖనములో తప్పులు నేటికిని కలవు. కాని అవి ఇపుడు మేము దిద్దగలిగిన తప్పులు. వినబడని అక్షరమును ఏ గురువును నేర్పజాలడు. మన తెలుగు పాఠశాలలకు పుస్తకములు, ఉపాధ్యాయులు కావలెనని కోరు మన సంఘములు, పిల్లలకు మాట స్పష్టముగ వినబడు తరగతిగదిని గూడ ఆ కోరికలలో చేర్పవలెనని నా మనవి.