నేల ఉసిరికి పరీక్ష

కామెర్లు వస్తే నేల ఉసిరి పసరు తాగించడం మన పల్లెల్లో పాత అలవాటు. రోగి కోలుకుంటే ఆకు మహిమే అంటారు. కాని కొన్ని రకాల కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి. మరి ఆ ఆకు నిజంగా కాలేయాన్ని కాపాడుతుందా? తేల్చేదెలా?

శాస్త్రజ్ఞులు ఎలుకలను నాలుగు గుంపులు చేస్తారు. మొదటి గుంపుకు మామూలు ఆహారమే. రెండో గుంపుకు జ్వరం మాత్రల్లో ఉండే పారాసిటమాల్‌ను మోతాదు మించి ఇస్తారు. మూడో గుంపుకు ముందు ఆకు సారం, తర్వాత అంతే పారాసిటమాల్ ఇస్తారు. నాలుగో గుంపుకు సారం మాత్రమే. ఆకే హాని చేస్తుందేమో చూడాలి గదా!

పారాసిటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని విరిచేస్తుంది. మోతాదు మించితే గ్లూటాథయోన్ తరిగిపోయి కాలేయ కణాలు చస్తాయి. చిల్లుపడ్డ కుండలోని నీళ్లలా వాటిలోని ఎంజైములు రక్తంలోకి కారతాయి. వాటిని కొలిస్తే దెబ్బ ఎంతో తెలుస్తుంది.

రెండో గుంపుకంటే మూడో గుంపులో ఎంజైములు తక్కువగా ఉంటే ఆకు కాపాడినట్లే. నేల ఉసిరి ఎలుకలను ఇలా కొంత కాపాడింది. అయితే ముందుగా కాపాడడం వేరు, దెబ్బతిన్నాక బాగుచేయడం వేరు. పైగా ఎలుక మనిషి కాదు. పారాసిటమాల్ విషానికి వైద్యులు వాడే విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్. అది గ్లూటాథయోన్‌ను తిరిగి నింపుతుంది. కాబట్టి కామెర్లు కనిపిస్తే పసరును నమ్ముకుని కూర్చోక డాక్టరు దగ్గరికి వెళ్లాలి.