ట్రాన్సిస్టరు వెల ఎంత?

కృష్ణా డెల్టా గ్రామములలో పాత పెంకుటిండ్లు విప్పునప్పుడు అటకమీద ఇత్తడి బిందెల చాటున తోలు తొడుగులోని ట్రాన్సిస్టరు రేడియో ఒకటి తరచుగా బయటపడుచుండును. దాని దుమ్ము దులుపుచు మనుమడు అడుగు ప్రశ్నలు రెండు. "ఇది పలుకుతుందా తాతయ్యా?" అనునది మొదటిది. "ఎంత పెట్టి కొన్నారు?" అనునది రెండవది. తాత చెప్పిన అంకె విని మనుమడు నవ్వును. "అంత చవకా!" యని ఆశ్చర్యపడును. ఆ నవ్వులో ఒక పెద్ద పొరపాటు దాగియున్నది.

విజయవాడలో ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమయ్యెను. అంతకు ఇంచుమించు ఏడాది ముందు, 1947 డిసెంబరులో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటన్, షాక్లీ అను శాస్త్రజ్ఞుల కృషివలన ట్రాన్సిస్టరు పుట్టెను. అయినను మన కేంద్రము పలికిన తొలి సంవత్సరములలో దానిని విన్నవి వాల్వు రేడియోలే. కొయ్యపెట్టె, వేడెక్కు గాజు బుడ్లు, ఇంటిపై ఏరియలు తీగ. ఇన్ని హంగులు గల ఆ యంత్రము సంపన్నుల చావడికే పరిమితము. విద్యుత్తు లేని పల్లెలో దానిని పలికించుట మఱింత ప్రయాస.

జేబులో పట్టు తొలి ట్రాన్సిస్టరు రేడియో 1954లో అమెరికా బజారులోనికి వచ్చెను. దాని పేరు రీజెన్సీ టి.ఆర్.-1; వెల 49 డాలర్ల 95 సెంట్లు. తోలు తొడుగును, చెవిలో పెట్టుకొను గొట్టమును వేరుగా కొనవలెను. నాడు డాలరునకు మన రూపాయలు 4.76. ఆ లెక్కను రేడియో వెల సుమారు 238 రూపాయలు. నేటి విద్యార్థికి ఇది స్వల్పముగా తోచును. కాని ఆ కాలమున భారతీయుని సగటు వార్షికాదాయము రమారమి 250 రూపాయలు మాత్రమే! అమెరికాలో నాటి కనీస వేతనము గంటకు 75 సెంట్లు. అనగా అచటి కూలివాడు దాదాపు 67 గంటలు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఎనిమిదిన్నర దినములు, పనిచేసిన ఆ రేడియో వెల చేతికి వచ్చును. మన దేశపు సగటు మనిషికి ఇంచుమించు ఏడాది పట్టును. వస్తువు ఒకటే, అంకె ఒకటే. వెలలు మాత్రము రెండు.

ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన పాఠమిది. వెలను రూపాయలతో కొలిచిన చాలదు. ఆ రూపాయలను సంపాదించుటకు పట్టిన దినములతో కొలువవలెను.

తరువాత వెలలు దిగజొచ్చెను. జపానులో సోనీవారి 1955 నాటి టి.ఆర్.-55 వెల 18,900 యెన్నులు. 1957లో వచ్చిన టి.ఆర్.-63 వెల 13,800 యెన్నులు. మొదట తయారైన ట్రాన్సిస్టర్లలో పనికిరానివి మెండు. చేయి తిరిగినకొలది నష్టము తగ్గెను, వెలయు తగ్గెను. మన దేశమునను మర్ఫీ, ఫిలిప్సు, బుష్ పేర్లు ఇంటింటి మాటలయ్యెను. అయితే ప్రకటనలోని వెలతో ఖర్చు తీరెడిది కాదు. స్థానిక పన్నులు అదనము. బ్యాటరీలు అదనము. పైగా తపాలా కార్యాలయములో ఏటేట లైసెన్సు రుసుము చెల్లింపవలెను. 1927లో పది రూపాయలతో ఆరంభమైన ఆ పద్ధతి 1980వ దశకపు నడిమి కాలమున గాని పూర్తిగా తొలగలేదు.

ఇంత భారమైన వస్తువు కనుకనే అది ఒక్కరిదిగా ఉండలేదు. పంచాయతీ కార్యాలయపు రేడియో ముందు, ఇరుగుపొరుగు అరుగులమీద, పదిమంది కూర్చుండి వినిరి. ఉదయము భక్తిరంజని, సాయంకాలము పాడిపంటలు, ఉషశ్రీ పురాణ ప్రవచనము. ఇవి ఒక్కొక్క రేడియోచుట్టు ఒక్కొక్క సభను గూర్చినవి. ఇక దివిసీమవంటి సముద్రతీరమునకు రేడియో వినోదము మాత్రమే కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొన్నది. తుపాను హెచ్చరిక గుడిసె గుడిసెకు చేరుట ఎంత ముఖ్యమో ఆ రాత్రి నేర్పెను. దీపస్తంభములు కూలినను పలుకగలది బ్యాటరీ యంత్రమే. దానిని కొనలేనివాడు చెల్లించు వెలను ఏ ప్రకటనయు అచ్చువేయదు.

క్యాసెట్టు కథయు ఇట్టిదే. ఫిలిప్సువారు 1963లో బెర్లిను ప్రదర్శనలో దానిని లోకమునకు చూపిరి. 1979 జులైలో సోనీ వాక్‌మన్ 33,000 యెన్నులకు అమ్మకమునకు వచ్చెను. నాటి మారకమున అది సుమారు 1,200 రూపాయలు. దిగుమతి సుంకము వేరు. పిమ్మట గల్ఫు దేశములనుండి తిరిగివచ్చువారి సామానులో టూ ఇన్ వన్ కనబడజొచ్చెను. రేడియో పాట గాలిలో వచ్చి గాలిలో పోవును. క్యాసెట్టు పాట కోరినప్పుడెల్ల తిరిగి వచ్చును. ఘంటసాలవారి భగవద్గీత అట్లే ఊరూర మారుమ్రోగెను.

నేడు పాత వస్తువుల వర్తకుడు చెప్పు ధర వాని అరుదుతనమునకు గుర్తు; కొన్ననాటి త్యాగమునకు కాదు. అసలు వెల తెలియగోరువారు ఇంట పాత రసీదును, లైసెన్సు పుస్తకమును వెదకవలెను. గ్రంథాలయములో ఆనాటి పత్రికల ప్రకటనలు తిరగవేయవలెను. పిమ్మట తాతగారిని మూడవ ప్రశ్న అడుగవలెను: "అప్పుడు మీ నెల జీతమెంత తాతయ్యా?"

దానికి వచ్చు జవాబు విన్న మనుమడు నవ్వడు. ఆ పెట్టెను మెల్లగా తొడుగులో పెట్టి, అటకమీద గాక, బల్లమీద ఉంచును.